జాంక్లే: కొడవలి ముందా, కథ ముందా?

మన రూపాయి బిళ్ళంత వెండి నాణెం. బరువు ఆరు గ్రాములకు కొంచెం తక్కువ. ఒక వైపు కొడవలిలా వంగిన పట్టీ, ఆ వంపు కడుపులో ఈదుతున్న డాల్ఫిన్. పట్టీ మీద అక్కడక్కడా చిన్న చిన్న దిమ్మెలు. రేవులోని కట్టడాలకు గుర్తుగా చెక్కి ఉంటారని పలువురి అభిప్రాయం. పక్కనే గ్రీకు అక్షరాల్లో ‘డాంక్లే’. తిప్పి చూస్తే గళ్ళు గళ్ళుగా దిగిన చతురస్రం, దాని నడుమ ఆల్చిప్ప. క్రీ.పూ. 6వ శతాబ్దం చివర్లో, సిసిలీ ద్వీపం ఈశాన్య మూలనున్న ఒక గ్రీకు వలస నగరం ఈ నాణేన్ని ముద్రించింది. గ్రంథాల్లో ఆ నగరం పేరు జాంక్లే. ఇప్పటి పేరు మెస్సీనా.

నాణెం మీద ఊరి పేరుతో శ్లేష చెయ్యడం గ్రీకులకు అలవాటే. అదే సిసిలీలో సెలినూస్ అనే నగరం ‘సెలినోన్’ అనే ఆకుకూర ఆకును, అంటే అడవి సెలెరీని, తన నాణేలకెక్కించింది. అయితే రెండింటికీ ఒక తేడా ఉంది. సెలినోన్ అచ్చమైన గ్రీకు మాట, నాణెం చూసిన ఏ గ్రీకువాడికైనా వెంటనే అర్థమవుతుంది. గ్రీకులో కొడవలిని ‘ద్రెపనోన్’ అంటారు, ‘జాంక్లోన్’ అనరు. మరి కొడవలి బొమ్మకూ డాంక్లే అనే అక్షరాలకూ లంకె ఎక్కడ కుదిరింది?

ఆ జవాబు గ్రీకు చరిత్రకారుడు తుసిడిడీస్ దగ్గర ఉంది. ఏథెన్స్ సైన్యం సిసిలీ మీదికి వెళ్ళిన సందర్భం చెబుతూ అతను ఆ ద్వీపంలోని గ్రీకు నగరాల పుట్టుపూర్వోత్తరాలు వరసగా రాశాడు. జాంక్లే వంతు వచ్చేసరికి ఆయన చెప్పింది ఇంతే: ఆ పేరు పెట్టింది సికెల్‌లు, ఎందుకంటే ఆ చోటు కొడవలి ఆకారంలో ఉంటుంది, కొడవలిని సికెల్‌లు జాంక్లోన్ అంటారు. సికెల్‌లంటే గ్రీకులు రాకముందు నుంచీ తూర్పు సిసిలీలో ఉన్న జనం. ద్వీపానికి పేరు వాళ్ళ వల్లే వచ్చింది. అంటే రేవుకు పేరు పెట్టింది వలస వచ్చినవాళ్ళు కాదు. పేరు అప్పటికే ఉంది. గ్రీకులు దాన్ని తమ నోటికి పట్టేలా మార్చుకున్నారు.

తుసిడిడీస్ ఈ మాట రాసింది క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో. నగరం పుట్టింది సుమారు క్రీ.పూ. 730లో. నడుమ మూడు వందల ఏళ్ళు గడిచాయి. కాబట్టి ఆయన మాటను కళ్ళు మూసుకుని ఒప్పుకోవాల్సిన పనిలేదు, పరీక్షించవచ్చు. పరీక్షకు నిలబడే ఆధారాలు మూడున్నాయి: నేల ఆకారం, పేరు పలుకు, పోటీ కథల తీరు.

నేల ఏం చెబుతోంది

సిసిలీకీ ఇటలీ ప్రధాన భూభాగానికీ మధ్య జలసంధి అతి సన్నగా ఉన్న చోట మూడు కిలోమీటర్లే. ప్రవాహాల ఉరవడికి, సుడిగుండాలకు అది పేరుమోసిన చోటు. సిసిలీ ఒడ్డున, ఆ సన్నని భాగానికి కాస్త దక్షిణంగా, తీరం నుంచి ఒక సన్నని నేల పట్టీ సముద్రంలోకి పొడుచుకొచ్చి, ఉత్తరానికి సాగి, చివర్లో మళ్ళీ ఒడ్డు వైపు వంగుతుంది. ఇప్పుడు దాన్ని సాన్ రనియేరి ద్వీపకల్పం అంటారు. వంపు లోపల నిలకడైన నీళ్ళు, వెలుపల జలసంధి ఉరవడి. మనుషులు తవ్వకుండానే ఏర్పడిన రేవు అది. పిడి దక్షిణాన నేలకు ఆనుకుని, కొన ఒడ్డు వైపు తిరిగి ఉంటుంది. నాణెం మీద డాల్ఫిన్‌ను చుట్టుకున్న పట్టీ ఇదే.

ఇక్కడికి మొదట వచ్చిన గ్రీకులు వ్యవసాయం కోసం రాలేదు. నేపుల్స్ దగ్గరి కైమీ నుంచి వచ్చిన సముద్రపు దొంగలు ఈ చోటును పట్టుకున్నారనీ, తర్వాత యుబోయా ద్వీపంలోని ఖాల్కిస్ నుంచీ ఇతర ఊళ్ళ నుంచీ జనం వచ్చి నేల పంచుకున్నారనీ తుసిడిడీస్ రాశాడు. జలసంధి దాటే ప్రతి ఓడా కనిపించే చోట దొంగలు మాటు వెయ్యడంలో వింత లేదు. ఊరి చుట్టూ మంచి పొలం తక్కువ. అందుకే కాబోలు, జాంక్లే వాసులు ఉత్తర తీరాన మైలై (ఇప్పటి మిలాట్సో) దగ్గరా, ఇంకా పడమరకు హిమేరా దగ్గరా కొత్త స్థావరాలు వేశారు. అలాంటి ఊరికి దగ్గరి కొండను బట్టో, పండే పంటను బట్టో కాక, రేవు వంపును బట్టి పేరు నిలవడం సహజమే.

పలుకు ఏం చెబుతోంది

పేరులోని మొదటి అక్షరమే చిక్కుముడి. గ్రంథాల్లో అది ‘జీటా’ (జకారం), నాణేల మీద ‘డెల్టా’ (డకారం). ఊరివాళ్ళు తమ సొంత ఊరి పేరును తమ వెండి మీద డాంక్లే అని రాసుకుంటే, బయటి రచయితలు జాంక్లే అన్నారు. అచ్చుతప్పు అనుకోవడానికి లేదు, నాణేలు వరసగా అలాగే ఉన్నాయి. పరభాషా ధ్వనిని తమ లిపిలో ఇరికించాల్సి వచ్చినప్పుడు ఇలాంటి ఊగిసలాట కనిపిస్తుంది. గ్రీకు నోటికి కొత్తదైన ఒక ధ్వనిని ఒకరు డకారానికి దగ్గరగా, మరొకరు జకారానికి దగ్గరగా విన్నారు. పేరు గ్రీకులోనే పుట్టి ఉంటే ఈ తడబాటుకు అవకాశం తక్కువ.

సికెల్ భాష గురించి మనకున్న సామగ్రి చాలా తక్కువ. చెంతురీపే దగ్గర దొరికిన పాత్ర మీది రాత, మెందోలిటో లాంటి చోట్ల రాళ్ళ మీది రాతలు కొన్ని, గ్రీకు లాటిన్ రచయితలు ఎత్తి చూపిన పదాలు కొన్ని. ఆ పదాల్లో కొన్ని మాత్రం ఆసక్తికరంగా ఒకే దిక్కు చూపిస్తాయి. ‘మొయితోన్’ అనే సిసిలీ మాట లాటిన్ ‘మూటువుమ్’ (అప్పు) లాగే ఉందని రోమన్ పండితుడు వర్రో గమనించాడు. సిసిలీలో తూకానికి వాడిన ‘లిత్రా’కూ లాటిన్ ‘లిబ్రా’కూ చుట్టరికం కనిపిస్తుంది. గెలా నగరానికి పేరిచ్చిన నది సంగతీ అంతే: సికెల్ మాటలో ‘గెలా’ అంటే మంచు పొర అని స్థలనామాల నిఘంటువు రాసిన బైజాంటియం స్టీఫనస్ నమోదు చేశాడు, లాటిన్‌లో ‘గెలు’ అంటే గడ్డకట్టే చలి. సికెల్ భాష లాటిన్‌కు దగ్గరి భాష అయి ఉంటుందన్న అభిప్రాయం ఇలాంటి వాటి వల్ల బలపడింది.

దాన్ని పట్టుకుని కొందరు భాషావేత్తలు ఇంకో అడుగు వేశారు. లాటిన్‌లో కొడవలి ‘ఫాల్క్స్’; లిథువేనియన్‌లో కోత కత్తి ‘దల్గిస్’. నాణేల మీది డకారాన్ని అసలు ధ్వనిగా తీసుకుని, డల్క్లో అనే మూలరూపాన్ని ఊహించి, ఒకే పదంలో రెండు లకారాలు ఇబ్బందిగా ఉండి మొదటిది నకారమైంది, అలా డాంక్లో వచ్చింది అంటారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఒక్క పదం మీద ధ్వని సూత్రాన్ని నిలబెట్టడం ఒంటి గుంజ మీద పందిరి వేసినట్టు. ఈ ఊహ ఓడిపోయినా తుసిడిడీస్ మాటకు నష్టం లేదు, ఎందుకంటే ఆయన చెప్పింది అర్థమే గానీ వ్యుత్పత్తి కాదు.

అర్థం విషయంలోనూ ఒక చిన్న తేడా ఉంది. భూగోళవేత్త స్ట్రాబో ఈ పేరుకు కొడవలి అని కాక ‘వంకర’ అని అర్థం చెప్పాడు: వంకరగా ఉన్నదాన్ని జాంక్లియోన్ అనేవారు, చోటు వంకరగా ఉంది కాబట్టి ఆ పేరు. ఇద్దరిలో ఎవరు ఒప్పు అని తగువు పెట్టుకోనక్కర్లేదు. తెలుగువాళ్ళకు ఇది తేలిగ్గానే అర్థం కావాలి. తమిళంలో ‘కొడువాళ్’ అంటే వంపు తిరిగిన కత్తి. మన ‘కొడవలి’ దానికి తోబుట్టువు. పనిముట్టుకు పేరే వంకర నుంచి వచ్చింది. సికెల్ భాషలోనూ వంకరను చెప్పే మాటే పనిముట్టుకు పేరై ఉండవచ్చు, అప్పుడు ఇద్దరు రచయితలూ ఒకే మాటను రెండు వైపుల నుంచి పట్టుకున్నట్టు. (అదే స్ట్రాబో ఈ నగరాన్ని స్థాపించింది సిసిలీలోని నాక్సోస్ వాళ్ళన్నాడు. అది తుసిడిడీస్ చెప్పినదానికి పొసగదు. పేరు విషయంలో నమ్మదగిన రచయిత స్థాపకుల విషయంలోనూ నమ్మదగినవాడు కానక్కర్లేదు.)

స్థలపురాణాల వరస

ఒక ఊరి పేరు అర్థం తెలియకుండా పోయినప్పుడు జనం ఊరుకోరు, కథ కడతారు. తెలుగులో దీనికి స్థలపురాణం అనే చక్కటి మాట ఉండనే ఉంది. జాంక్లేకు కనీసం నాలుగు స్థలపురాణాలు పుట్టాయి.

భూమిలోంచి పుట్టిన జాంక్లోస్ అనే వీరుడి పేరు మీద ఊరు వెలిసిందని ఒకటి. జాంక్లే అనే ఊట పేరు మీద వచ్చిందని ఇంకొకటి. జాంక్లోస్ అనే రాజు కోసం వేటగాడు ఒరాయన్ రేవు కట్టాడని చరిత్రకారుడు డియోడోరస్ చెప్పింది మరొకటి. వీటిలో వీరుడూ రాజూ ఊరి పేరును మగవాడి పేరుగా మార్చి చేసిన బొమ్మలే. గ్రీకు స్థలనామాల్లో ఇది మహా మామూలు సంగతి: ఊరి పేరుకు సరిపోయే పేరున్న రాజు, ఆ ఊళ్ళో తప్ప మరెక్కడా కనపడని రాజు ఎదురైతే, ముందు ఊరు, తర్వాత రాజు అని లెక్క వేసుకోవచ్చు.

నాలుగోది అన్నిటికంటే ఘనమైనది. గ్రీకు పురాణాల్లో క్రొనోస్ అనే దేవుడు తన తండ్రి ఊరనోస్ మర్మాంగాన్ని కోసిన కొడవలి ఇక్కడే భూమిలో పాతిపెట్టి ఉందట. ప్రాచీన గ్రీకు కవి హెసియొడ్ వర్ణనలో అది పళ్ళున్న ఆయుధం, అంటే కక్కు పెట్టిన కొడవలి. అలెగ్జాండ్రియా కవి కల్లిమాకస్ ఈ కథను వాడుకున్న తీరు ఈజిప్టులో దొరికిన పాపిరస్ ముక్కల వల్ల తెలుస్తోంది. ఆయన ప్రకారం నగర స్థాపకులు ఇద్దరు, పెరియెరీస్, క్రతైమెనీస్. ఊరు ఎవరి పేరున చెలామణి కావాలని ఇద్దరూ గొడవపడి అపోలో దగ్గరికి వెళితే, ఇద్దరిలో ఎవరిదీ కాదని దేవుడు తీర్పిచ్చాడు. అందుకే ఈ ఊళ్ళో స్థాపకుడి పండుగనాడు పేరు పలకకుండా, మా ఊరు కట్టినవాడెవరో ఆయన విందుకు దయచేయాలి అని పిలుస్తారట.

ఇక్కడ రెండు పొరల్ని విడదీయాలి. ఇద్దరు స్థాపకుల పేర్లు తుసిడిడీస్ కూడా చెప్పాడు, ఒకరు కైమీ వాడు, మరొకరు ఖాల్కిస్ వాడు. రెండు గుంపులు కలిసి ఏర్పడిన ఊరిలో స్థాపకుడికి పేరు లేని పూజ జరగడం నమ్మశక్యంగానే ఉంది. వ్రతం ముందుండి, దానికి కారణంగా గొడవ కథ పుట్టి ఉంటుంది. కొడవలి పాతిపెట్టిన కథ వేరు. దాన్ని పరీక్షించే పద్ధతి సులువైనది: అదే కథ ఇంకెక్కడుందో వెతకడం.

వెతికితే చాలా చోట్ల దొరుకుతుంది. కెర్కైరా (ఇప్పటి కోర్ఫూ) ద్వీపానికి పాత పేరు ద్రెపనే. క్రొనోస్ కొడవలి ఆ ద్వీపం కింద ఉందని చెప్పుకున్నారు. అదే చోట, కాదు, అది పంటల దేవత దెమేతెర్ కొడవలి అని ఇంకో పాఠం కూడా ఉంది. గ్రీసులో అఖాయా తీరాన ద్రెపనోన్ అనే అగ్రం ఉంది. క్రొనోస్ కొడవలిని అక్కడ సముద్రంలో విసిరేశాడని యాత్రా రచయిత పాసానియస్ రాశాడు. ఒకే కొడవలి మూడు చోట్ల! మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది వంపు తిరిగిన తీరం, కొడవలి అనే పేరు. కథ పేరు వెంట నడిచి వచ్చింది, పేరు కథ వెంట రాలేదు.

ఇదే పోలిక ఇంకో విషయాన్నీ తేలుస్తుంది. సిసిలీ పడమటి కొసన కూడా కొడవలి ఆకారపు నేల ఉంది, దాని మీద ఊరు ఉంది. అక్కడ గ్రీకులు ద్రెపనోన్ అనే తమ మాటే వాడారు. ఇప్పటి త్రాపాని అదే. ఈశాన్య మూలలో కూడా పేరు పెట్టింది వాళ్ళే అయితే అక్కడా ద్రెపనోన్ అనే ఉండేది. జాంక్లే అని ఉండటమే పేరు పరాయిదని చెప్పే సాక్ష్యం.

జలసంధికి అవతలి ఒడ్డున ఉన్న నగరం పేరు రేగియోన్. ఇందుకు విరుద్ధమైన పొరపాటు అక్కడ చూడవచ్చు. గ్రీకు చెవికి ఆ పేరు ‘చీలిపోవడం’ అనే క్రియలా వినిపిస్తుంది. సిసిలీ ఒకప్పుడు ఇటలీకి అతుక్కుని ఉండి భూకంపంతో చీలిందనీ, అందుకే ఆ పేరనీ నాటకకర్త ఎస్కిలస్ అన్నట్టు స్ట్రాబో చెబుతాడు. స్థానికుల మాటలో ‘రాజనగరం’ అని అర్థం కావచ్చునని కూడా ఆయనే చేర్చాడు. లాటిన్ ‘రేగియుమ్’ ఆ వైపు నుంచే చూస్తుంది. సొంత భాషలో అర్థం కుదిరినంత మాత్రాన అది అసలు అర్థం కాదు. ధ్వని పోలిక ఎంత మోసం చేస్తుందో మన తీరమే చెబుతుంది: గ్రీకు నావికుల మార్గదర్శిని కృష్ణా ముఖద్వారపు ప్రాంతాన్ని ‘మసాలియా’ అంది, భూగోళవేత్త టాలెమీ ‘మైసోలియా’ అన్నాడు. ఫ్రాన్సు తీరాన గ్రీకులు కట్టిన ‘మస్సాలియా’ (మార్సెయ్) అక్షరాలా అలాగే ఉంటుంది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు.

పేరు మారిన రోజులు

క్రీ.పూ. 494లో లాదే దగ్గర పర్షియన్ల చేతిలో అయోనియన్ గ్రీకులు ఓడిపోయాక సామోస్ ద్వీపం నుంచి కొందరు సంపన్నులు పడమరకు బయల్దేరారు. వాళ్ళను పిలిచింది జాంక్లే వాళ్ళే, ఉత్తర తీరంలో కలె ఆక్తే అనే చోట కొత్త ఊరు కట్టుకోమని. దారిలో రేగియోన్ నియంత అనాక్సిలాస్ వాళ్ళను కలిసి, కొత్త ఊరు కట్టే శ్రమెందుకు, జాంక్లే ఇప్పుడు ఖాళీగా ఉంది పట్టుకోండి అన్నాడు. నిజంగానే జాంక్లే రాజు స్కిథీస్ సైన్యంతో సహా ఒక సికెల్ ఊరిని ముట్టడిస్తూ దూరంగా ఉన్నాడు. సామియన్లు ఊళ్ళో దూరారు. సాయానికి వచ్చిన గెలా నియంత హిప్పోక్రటీస్ తన మిత్రుణ్ణే సంకెళ్ళు వేసి, ఊరి సొత్తులో వాటా పుచ్చుకుని సామియన్లతో ఒప్పందం చేసుకున్నాడు. చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన ఈ కథకు నాణేలు సాక్ష్యం పలుకుతాయి: కొడవలి, డాల్ఫిన్ మాయమై, సామోస్ గుర్తులైన సింహం తల, సామోస్ తరహా ఓడ ముందుభాగం వస్తాయి. వాటి మీద ఊరి పేరు లేదు. ఒక్కో అక్షరం మాత్రం ఉంది, గ్రీకు అక్షరమాలలో మొదటి నుంచి ఐదో అక్షరం దాకా; ఏడాదికొక అక్షరమని లెక్క వేస్తే సామియన్ల కాలం ఐదేళ్ళు.

తర్వాత అనాక్సిలాస్ వాళ్ళనూ గెంటేశాడు. రకరకాల జనాన్ని తెచ్చి నింపి, ఊరికి మెస్సేనే అని పేరు పెట్టాడు. కారణం తుసిడిడీస్ ఒక్క ముక్కలో చెప్పాడు: తన పూర్వీకుల దేశం పేరు అది. రేగియోన్ పాలక కుటుంబాలు దక్షిణ గ్రీసులోని పెలొపొన్నీసులో ఉన్న మెస్సేనియా నుంచి వచ్చినవి. ఇక్కడ ఒక సంగతి సాధారణంగా చూపు జారిపోతుంది. అప్పటికి గ్రీసులో మెస్సేనే అనే నగరం లేదు. అది స్పార్టా చేతికింద నలుగుతున్న ఒక సీమ పేరు; తీబ్స్ సేనాని ఎపమినోందాస్ అక్కడ ఆ పేరుతో నగరం కట్టించింది క్రీ.పూ. 369లో. అంటే మెస్సేనే అనే పేరున్న తొలి నగరం సిసిలీది. స్వదేశంలో నగరానికి నోచుకోని పేరు పరదేశంలో ముందు నగరమైంది.

ఆ సీమ పేరు చాలా పాతది. అదే సీమలోని పైలోస్ రాజభవనంలో దొరికిన మట్టిపలకల మీద ‘మె-జ-న’ అని ఉంది, అవి క్రీ.పూ. 1200 ప్రాంతానివి. ‘నడుమ’ అనే గ్రీకు ధాతువుతో దాన్ని ముడిపెట్టి, నడిమి సీమ అని అర్థం చెప్పే ప్రతిపాదన ఉంది. పాసానియస్ మాత్రం మెస్సేనే అనే రాణి పేరు చెబుతాడు. పైన జాంక్లోస్ రాజును చూశాక ఆ రాణిని ఎలా తీసుకోవాలో పాఠకులకు చెప్పనక్కర్లేదు.

పాసానియస్ చేసిన పెద్ద పొరపాటు తేదీల్లో ఉంది. మెస్సేనియన్లు స్పార్టాతో యుద్ధంలో ఓడి పారిపోయి, అనాక్సిలాస్‌తో కలిసి జాంక్లేను పట్టుకున్నది 29వ ఒలింపియాడ్‌లో (ఒలింపిక్ క్రీడలతో లెక్కించే నాలుగేళ్ళ కాలం) అని రాశాడు, అంటే క్రీ.పూ. 664. అనాక్సిలాస్ పాలించింది క్రీ.పూ. 494 నుంచి 476 దాకా. నూట డెబ్బై ఏళ్ళ తేడా! మెస్సేనే అనే పేరు ఆ ఊరికెలా వచ్చిందో వివరించాలంటే మెస్సేనియన్ల గుంపు ఒకటి కావాలి. చేతికందిన పెద్ద వలస పాత యుద్ధం నాటిది కాబట్టి నియంతను అక్కడికి జరిపేశాడు. దీన్ని పట్టించేది నాణేలే. మెస్సేనియోన్ అనే అక్షరాలు సామియన్ల నాణేల తర్వాతే కనిపిస్తాయి, ముందు ఒక్కటి కూడా లేదు.

పాత పేరు అంత తేలిగ్గా చావలేదు. నియంతల కుటుంబం పతనమయ్యాక, క్రీ.పూ. 460 ప్రాంతంలో, డాంక్లాయోన్ అని రాసిన అరుదైన నాణెం మళ్ళీ వెలువడింది. కొద్దికాలమే. నిలిచింది కొత్త పేరే, అదీ డోరియన్ అనే గ్రీకు యాసలో, ఏకారం ఆకారమై: మెస్సానా. రోమన్లు అలాగే తీసుకున్నారు. క్రీ.పూ. 288 ప్రాంతంలో ఊరిని ఆక్రమించిన కాంపానియా కిరాయి సైనికులు తమ యుద్ధదేవుడు మామెర్స్ పేరున మామెర్తీన్లమని చెప్పుకుని నాణేలు కూడా వేశారు, క్రీ.పూ. 264లో రోముకూ కార్తేజుకూ మధ్య మొదటి ప్యూనిక్ యుద్ధం రాజుకున్నది వాళ్ళ గొడవతోనే. ఊరి పేరుగా అది నిలవలేదు. ఇప్పటి మెస్సీనాలోని ఈకారం లాటిన్ మెస్సానా నుంచి రాలేదు. తర్వాతి గ్రీకులో పాత ఏకారం ఈకారంగా మారింది. బైజాంటియన్ కాలపు పలుకు ‘మెస్సీని’. శతాబ్దాల పాటు గ్రీకు మాట్లాడిన ఊరు కనుక ఆ పలుకే ఉండిపోయింది.

సాన్ రనియేరి నేల పట్టీ మీద ఇప్పుడు ఓడల మరమ్మతు రేవులూ, కోటలూ, పాడుబడ్డ కొట్లూ ఉన్నాయి. కొనన సాన్ సాల్వతోరె కోట మీద ఎత్తైన స్తంభం, దాని పైన మరియమ్మ విగ్రహం. ఆ పట్టీని మెస్సీనా జనం ఇటాలియన్‌లో ‘జోనా ఫల్కాతా’ అంటారు. కొడవలి ఆకారపు ప్రాంతం అని దానికి అర్థం.